వేళ్ళకు అందని రంగు

సాయంత్రం ఆరు కొడితే
వెంగెల్ వచ్చి నా మోకాళ్ళ మధ్య కూలబడుతుంది.
ముందు చెవుల వెనక,
తర్వాత మెడపట్టీ కింద,
చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో.
నువ్వుగింజంత గట్టిదనం తగిలితే ఆగుతాను.
పులిపిరా, పిడుదా?
పులిపిరి తోలులో భాగం, చుట్టూ అంచు ఉండదు.
పిడుదుకు కాళ్ళుంటాయి,
అప్పులవాడిలా గుమ్మంలో పాతుకుపోయి ఉంటుంది.

ముప్పై ఏళ్ళుగా పియానోలకు శ్రుతి సరిచేస్తున్న వేళ్ళివి.
హైనూవ్కాలో ఏ ఇంటి తీగ ఎంత బిగువో వీటికి తెలుసు.
పట్టుకారు తోలుకి ఆనించి
నలపకుండా, నూనె పోయకుండా, నిప్పు చూపకుండా
నిదానంగా పైకి లాగితే
కుట్టు ఊడినట్టు వచ్చేస్తుంది.
సీసాలో వేసి మూత బిగిస్తాను.
చూపున్నవాళ్ళకు దొరకనివి నాకు దొరుకుతాయని
కాస్త గర్వం కూడా ఉండేది. దాచను.

చలికాలం మాత్రం వేళ్ళకు సెలవు.
మంచులో పిడుదులెక్కడివని
రొట్టెల కొట్టు దగ్గర అంతా అంటే నేనూ తలూపాను.
మందు బిళ్ళ మే నెలకని సొరుగులో పెట్టాను.
ఫిబ్రవరి చివర నాలుగు రోజులు ఎండ కాసింది.
ఓక్ చెట్ల కింద ఎండుటాకులు తడి వాసన వేశాయి.
ఆ వాసనకి నేనూ వెంగెలూ అడవి అంచుదాకా నడిచాం.
ఆ వాసనకి నిద్రలేచింది మేమిద్దరమే కాదు.

మార్చిలో మళ్ళీ మంచు పడింది.
ఆదివారం వెంగెల్ గిన్నె ముట్టలేదు.
పదేళ్ళది కదా, అనుకున్నాను.
సోమవారం, ఇన్నేళ్ళూ నన్ను మెట్లు దింపింది
మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోయింది.
ఒళ్ళు కాలుతోంది.
చిగుళ్ళు తడిమితే తడి, నునుపు, ఎప్పటిలాగే.
చెవి నుంచి తోకదాకా రెండుసార్లు వెతికాను.
ఏమీ లేదు.
కడుపు నింపుకుని, రాలిపోయి, ఎప్పుడో వెళ్ళిపోయింది.

పెరట్లో పక్కింటి కలీన గొంతు. ఏడేళ్ళ పిల్ల.
"విటోల్డ్ మామా, మీ కుక్క టీ పోస్తోందేంటి?"
"టీ ఏంటే?"
"మంచు మీద. మా బామ్మ పొయ్యి మీద మరిచిపోయిన టీలా."

తెల్లటి మంచు. నల్లటి టీ.
పుట్టిన దగ్గర్నుంచీ నాకు రెండూ వట్టి మాటలే.
ఆ రోజు ఒక మాట
నా మోకాళ్ళలో బలం లాగేసింది.

డాక్టర్ జవద్‌స్క మాట పొదుపు మనిషి.
చెవి అంచున ఒక్క చుక్క నెత్తురు,
గాజు పలక చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
"ఎర్ర కణాల్లో ఉన్నాయి. జంటలు జంటలుగా, బేరిపళ్ళలా."
ఇంకాసేపటికి, "ఇవాళే తెచ్చారు, నయం."
సూది గుచ్చినప్పుడు వెంగెల్ మూలగలేదు.
నేను మూలిగాను.

మెడ మీద వేసే చుక్కల మందు చేతిలో పెడుతూ
"ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగింది.
"నాకు లేదు. కలీన పిల్లి ష్రుబ్కా
రోజూ దీని పొట్టకి ఆనుకునే పడుకుంటుంది."
"ఇది కుక్కల మందు. పిల్లికి విషం.
దానికి వేరే ఇస్తాను, మీ ఇద్దరి సీసాలూ కలవనీయకండి.
మూడు రాత్రులు వాటినీ కలవనీయకండి."

మూడు రాత్రులూ ష్రుబ్కా నా తలుపు గీకింది.
ఆ గీకుడికి ఏ శ్రుతీ లేదు.
లోపల వెంగెల్ తోక ఒక్కో దెబ్బే, నేల మీద,
జవాబు చెబుతున్నట్టు.

ఇప్పుడు ఆరింటికి నలుగురం కూర్చుంటాం.
మంచైనా ఎండైనా నా వేళ్ళకు సెలవు లేదు.
కలీన పెదవి ఎత్తి చూసి చిగుళ్ళ సంగతి చెబుతుంది.
"గులాబీ రంగు, నా నాలుకంత."
ఒక్కోరోజు అనుమానంగా, "నిన్నటికన్నా తక్కువ గులాబీ."
ఇద్దరం దీపం కిందికి జరుగుతాం,
దీపంతో నాకేం పని లేకపోయినా.

పొద్దున్నే కిటికీలోంచి
వీధి వీధంతా వినపడేలా అరుస్తుంది:
"విటోల్డ్ మామా! పసుపూ!"
అది విన్నాకే కోటు తొడుక్కుంటాను.